సాయిల్ టెస్ట్ అయిపోయిందండీ

విశాఖపట్నంలో స్థలాల బేరాలు జరిగే చోట నేను ఎక్కువగా వినే మాట ఇది. "సాయిల్ టెస్ట్ అయిపోయిందండీ" అంటారు, ఫైలు తెరుస్తారు, చివరి పేజీలో స్టాంపు మీద వేలు పెట్టి చూపిస్తారు. ఇక ఆ విషయం మూసేసినట్టే. విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. చెప్పేవాళ్ళ మీద కాదు. ఆ ఫైళ్ళు తయారుచేసేది నాలాంటివాళ్ళే కదా.

ఇల్లో అపార్ట్‌మెంటో కట్టే ముందు బోరు వేసి, ఆ నేల ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టి చెప్పడం నా పని. ఇరవయ్యేళ్ళు దాటింది. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతాం. కింద గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటాం. మట్టి రంగు, రకం కూడా బోర్‌లాగ్‌లో రాస్తాం. వాసన రాయం. దానికి గడి లేదు.

2009 ఎండాకాలంలో రైల్వే స్టేషన్‌కి మరీ దూరం కాని ఒక వీధిలో అపార్ట్‌మెంటు కోసం బోర్లు వేశాం. ఒకప్పుడు అక్కడ పెట్రోలు బంకు ఉండేదని వీధిలో అందరికీ తెలుసు. మూడో బోరులో నాలుగున్నర మీటర్ల దగ్గర గొట్టం పైకి తీసి విప్పాం. మా హెల్పర్లలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, మేమందరం మావా అని పిలిచేవాళ్ళం. మట్టి ముక్క చేతిలోకి తీసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. "బాబూ, ఇది గేస్‌నూనె కంపు కొడతంది."

నిజమే, కొట్టింది. పైన మూడు మీటర్ల దాకా ఎర్రమట్టి. ఆ ముక్క మాత్రం ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంది. మా కంపెనీ ఓనరుకి ఫోన్ చేశాను. "మనల్ని అడిగింది ఎస్‌బీసీ. వాసన గురించి ఎవరైనా అడిగారా?" అన్నాడు. ఎస్‌బీసీ అంటే నేల ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. ఎవరూ అడగలేదు. నేను "బూడిద రంగు సిల్టీ క్లే" అని రాసి, దెబ్బల సంఖ్య వేసి, కింద సంతకం పెట్టాను. నేల బరువు బాగానే మోస్తుందని తేలింది. ఐదంతస్తులు లేచాయి. ఇప్పటికీ ఆ వీధిలో నుంచి వెళ్ళాల్సి వస్తే బండి కాస్త వేగంగా తోలతాను.

ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే. పాత ఇంధన ట్యాంకు ఉన్న చోట "రిపోర్టు క్లీన్‌గా ఉంది" అన్న మాటకి విలువ లేదు. ఎక్కడ తవ్వారు, ఎంత లోతు తవ్వారు, ఏం వెతికారు అన్నవి తెలిస్తేనే ఆ రిపోర్టుకి విలువ. తప్పు గోతిలోంచి వచ్చిన మంచి రిపోర్టు కన్నా అసలు రిపోర్టు లేకపోవడం మేలు. లేనప్పుడు కనీసం అనుమానమైనా మిగులుతుంది.

సాయిల్ టెస్ట్ అనే పేరుతో మన దగ్గర మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. రైతు చేయించే భూసార పరీక్ష ఉంది, అందులో ఉదజని సూచిక, లవణాలు, నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తారు. మేం చేసేది ఉంది, అది బరువు లెక్క. ఇక నేల ఏం తాగిందో చూసేది మూడోది. ఈ మూడోదాన్ని ఇళ్ళ స్థలాలకి చేయించినవాళ్ళని నా ఇరవయ్యేళ్ళలో ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పేరు ఒకటే కావడంతో మొదటి రెంటిలో ఏది చేయించినా మూడోది కూడా అయిపోయిందని జనం అనుకుంటారు. అమ్మేవాళ్ళకి అది సౌకర్యం.

మా పద్ధతి మూడోదానికి ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. మేం వాష్ బోరింగ్ చేస్తాం. అంటే గొట్టంలోంచి నీళ్ళు తోసి మట్టిని కడుగుతూ కిందికి దిగడం. పెట్రోలు అంటిన మట్టిని నీళ్ళతో కడిగి, ఆ తర్వాత అందులో పెట్రోలు ఉందా అని వెతికితే ఏం దొరుకుతుంది? శాంపిల్‌ని పాలిథిన్ సంచిలో కట్టి, సాయంత్రం ఆటో వచ్చేదాకా ఎండలో పడేస్తాం. బరువు లెక్కకి దానివల్ల నష్టం లేదు. ఆవిరయ్యే సరుకేదైనా ఉంటే మాత్రం ల్యాబ్ చేరేసరికి సగం గాలిలో కలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మేం బోరు వేసేది కాలమ్‌లు వచ్చే చోట. ట్యాంకు ఉన్న చోటికి దానితో సంబంధం లేదు.

ట్యాంకు సంగతి చూద్దాం. మన బంకుల్లో చాలా వరకు భూమిలో అడ్డంగా పడుకోబెట్టిన ఉక్కు ట్యాంకులే. 20 వేల లీటర్లది మామూలు. రెండు మీటర్ల పైచిలుకు వ్యాసం, పైన మట్టి కప్పు కలుపుకుంటే అడుగు భాగం మూడు మీటర్ల లోతుకి చేరుతుంది. తుప్పు పట్టకుండా పూత వేస్తారు, చుట్టలు చుడతారు. అయినా ఉక్కు ఉక్కే, అందులోనూ మనది సముద్రపు ఊరు. ఇక ఒక చిన్న విషయం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. రోజూ సరుకు కొలవడానికి డిప్ రాడ్ దింపుతారు కదా, అది ఏళ్ళ తరబడి ట్యాంకు అడుగున ఒకే చోట తగులుతూ ఉంటుంది. రక్షణగా అక్కడ ఒక రేకు వెయ్యకపోతే సరిగ్గా అక్కడే లోహం అరిగి తుప్పు తింటుంది. కారుతోందేమో చూడ్డానికి పెట్టుకున్న కడ్డీయే చిల్లు పెట్టగలదన్నమాట.

"కారితే తెలీదా, లెక్కలో తగ్గదా?" అని బావ అడిగాడు. మా అక్క భర్త, ఇలాంటి పాత ట్యాంకు స్థలమే కొనబోయాడు, ఆ కథ ముందుంది. మంచి ప్రశ్నే. సెకనుకి ఒక చుక్క కారుతోందనుకోండి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు లెక్కన రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి 1,500 లీటర్లు దాటుతుంది. ఇప్పుడు డిప్ రాడ్ వైపు చూడండి. సగం నిండిన 20 వేల లీటర్ల ట్యాంకులో కడ్డీ మీద ఒక మిల్లీమీటరు అంటే పది లీటర్ల పైమాటే. ఆ రోజువారీ కారుడు ఒక మిల్లీమీటరులో సగం కూడా కాదు. పైగా ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది, కొంత ఆవిరవుతుంది, పంపు కొలతలో కొంత తేడా ఉంటుంది. ఇన్ని తేడాల మధ్య ఒక చుక్క కొన్నేళ్ళ పాటు హాయిగా దాక్కోగలదు. అన్నట్టు, కారడం ఎప్పుడూ ట్యాంకుకే పరిమితం కాదు. పైపుల జాయింట్ల దగ్గరా, పంపు కిందా, ట్యాంకర్ గొట్టం బిగించే చోటా ఒలికినది నేలలోకి దిగుతుంది. ట్యాంకు గొయ్యి ఒక్కటే చూసి వచ్చేస్తే ఇవన్నీ మిగిలిపోతాయి.

కారినది ఎక్కడికి పోతుందంటే, ముందు నిలువుగా కిందికి. మన ఊరి కొండలు చాలా వరకు ఖొండలైటు అనే రాయి. అది పాడై మెత్తబడి ఎర్రమట్టిగా, మనవాళ్ళు గ్రావెల్ అనేదిగా మారింది. పైకి గట్టిగా కనిపించినా రాతి పొరల గీతలు, పగుళ్ళు లోపల అలాగే ఉంటాయి. నూనె వాటిని పట్టుకుని పోతుంది, అందుకే రెండడుగుల దూరంలో వేసిన రెండు బోర్లు పూర్తిగా వేరే కథలు చెప్పగలవు. నీటి మట్టం తగిలాక నీటి కన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది, పల్లం వైపు జరుగుతుంది. వానాకాలంలో, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు తుపాన్లకీ నీరు పైకి లేచినప్పుడు నూనె కూడా లేస్తుంది. ఎండాకాలంలో దిగుతుంది. దిగుతూ మధ్యలో మట్టికి పూసుకుంటూ పోతుంది. అందుకే ఒకే బావి మే నెలలో మంచిగా ఉండి, నవంబరులో వాసన వేయొచ్చు.

ఇక బావ స్థలం. కంచరపాలెం, మర్రిపాలెం మధ్య ఒక లోపలి వీధిలో 180 గజాలు. అంతకుముందు అది లారీల యార్డు. సొంత లారీలకి డీజిలు పోసుకోవడానికి ఒక చిన్న ట్యాంకు భూమిలో ఉండేది. యార్డు ఎత్తేశాక ట్యాంకు తీసేసి, గొయ్యి పూడ్చి, ముక్కలు చేసి అమ్ముతున్నారు. అమ్మే ఆయన ట్యాంకు సంగతి దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పైగా సాయిల్ టెస్ట్ రిపోర్టు కూడా ఇచ్చాడు. అక్కకి ఆ స్థలం నచ్చింది, పిల్లల కాలేజీకి దగ్గర. బావ ఫైలు నా ఒళ్ళో పడేసి, "నువ్వోసారి కళ్ళు పెట్టి చూసీ. అంతా బావుందన్నాడు" అన్నాడు.

గుర్తింపు ఉన్న ల్యాబే. సంతకాలు, తేదీలు, అన్నీ ఉన్నాయి. శాంపిల్ లోతు: అర మీటరు. చూసినవి: ఉదజని సూచిక, లవణాలు, ఆయిల్ అండ్ గ్రీజ్. ఫలితం: ఏమీ లేదు.

ఆ రిపోర్టులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. నాకు కోపం తెప్పించింది అదే. అర మీటరు లోతులో ఉన్నది గొయ్యి పూడ్చడానికి బయటి నుంచి ట్రాక్టర్లలో తెచ్చిన మట్టి. ఆ మట్టికి డీజిలు మొహమే తెలీదు. ట్యాంకు అడుగు అంతకి ఎంతో కింద. ఇక ఆయిల్ అండ్ గ్రీజ్ పరీక్షలో మట్టిలోంచి నూనెని ఒక ద్రావకంలోకి లాగి, ఆ ద్రావకాన్ని వేడితో ఎగరగొట్టి, అడుగున మిగిలినదాన్ని తూకం వేస్తారు. వాడేసిన ఇంజన్ ఆయిలు, గ్రీజు లాంటివి మిగులుతాయి. పెట్రోలు ఆ ద్రావకంతో పాటే ఎగిరిపోతుంది, డీజిల్లోని తేలికపాటి భాగం కూడా పోతుంది. ఇంధనం ఉందా అని ఈ పరీక్షని అడగడం, ఆరేసిన బట్టని చూసి నిన్న వాన పడిందా అని అడగడం లాంటిది.

నేనే చేస్తానని బావతో అన్నాను. అమ్మే ఆయన్ని ఒప్పించడానికి వారం పట్టింది. రిటైరై ఇంట్లో ఉన్న మావని పిలిచాను, చేతి ఆగర్ పట్టుకుని కొడుకుని వెంటేసుకుని వచ్చాడు. నీళ్ళు వాడకూడదు కాబట్టి మరలాగా తిప్పుతూ పొడిగా దిగే ఆగరే సరైనది. పూడ్చిన మట్టిలో మెత్తగా దిగింది. అసలు నేల తగిలాక మూడున్నర మీటర్లకి చేరేసరికి ఇద్దరికీ భుజాలు పడిపోయాయి.

ముందు చేసింది తవ్వడం కాదు, కూర్చుని అడగడం. ఆ యార్డులో పనిచేసిన ఒక పాత డ్రైవరు చుట్ట కాల్చుకుంటూ నేల మీద కర్రతో గీసి చూపించాడు: ట్యాంకు ఇలా పడుకుని ఉండేది, గొట్టం ఇటు, పంపు ఇక్కడ, ట్యాంకర్ ఇక్కడ నిలబడి నింపేది. ఏ యంత్రమూ ఇవ్వలేని సమాచారం అది. ఆ గీతల ప్రకారం నాలుగు చోట్లు ఎంచుకున్నాం. ట్యాంకు రెండు చివర్ల అడుగున రెండు, పంపు ఉన్న చోట ఒకటి, పల్లం వైపు గొయ్యి అంచు దాటి ఒకటి. మాధవధార కొండ వైపు నుంచి కిందికి వాలు ఉంది, పాత ఇళ్ళ బావులు కూడా ఆ పల్లం వైపే ఉన్నాయి.

ప్రతి అర మీటరుకీ గుప్పెడు మట్టి జిప్ సంచిలో సగం దాకా వేసి, మూసి, నలిపి, పది నిమిషాలు నీడలో ఉంచాం. పరిశ్రమల్లో సేఫ్టీ పనులు చేసే స్నేహితుడొకడు పీఐడీ అనే చేతి మీటరు అరువిచ్చాడు. దాని మూతి సంచిలోకి పెడితే ఆవిరి ఎంత ఉందో అంకె చూపిస్తుంది. అది ఏ పదార్థమో చెప్పదు, ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతుంది. డీజిలుకి పెట్రోలుకి పలికినంత గట్టిగా పలకదు. మన ఉక్కపోత గాలికి అప్పుడప్పుడూ తిక్క అంకెలు కూడా చూపిస్తుంది. అందుకే దాని అంకెని నేను ఫలితంగా ఎక్కడా రాయలేదు. ఏ లోతు మట్టిని ల్యాబ్‌కి పంపాలో తేల్చుకోవడానికి వాడాను, అంతే. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడ్డం మాత్రం వద్దు. నేనూ మావా ఇరవయ్యేళ్ళు చేసిన పని అదే, చేసి ఉండకూడదు.

పంపు చోట ఏమీ లేదు. ట్యాంకు ఒక చివరా ఏమీ లేదు. రెండో చివర మూడు మీటర్లు దాటాక ఆగర్ రెక్కల మధ్య వచ్చిన మట్టిని చూసి మావ నా వైపు తిరిగాడు. ఏమీ అనలేదు. అదే రంగు.

ఈ రంగు గురించి ఒక మాట. మన మట్టి ఎర్రగా ఉండేది అందులోని ఇనుము తుప్పు వల్ల. నేలలో నూనె చేరితే సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, తినడానికి గాలి వాడుకుంటాయి. గాలి అయిపోతే ఆ తుప్పునే వాడుకోవడం మొదలుపెడతాయి. తుప్పు రూపం మారి, ఎరుపు పోయి, మట్టి బూడిద రంగులోకీ ఆకుపచ్చలోకీ తిరుగుతుంది. బూడిద రంగు బంకమన్ను విశాఖకి కొత్త కాదు, ఉప్పుటేరు పక్క భూముల్లో సహజంగానే ఉంటుంది. పైనా కిందా ఎరుపు ఉండి మధ్యలో మాత్రం బూడిద రంగు తగిలితే అప్పుడు అనుమానించాలి. అలాగే బావి నీటి మీద రంగుల పొర కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పుల్లతో కదపండి. పెంకుల్లా ముక్కలై విడిపోతే అది ఇనుము తినే బాక్టీరియా కట్టిన పొర, మన ఎర్ర నేలల్లో మామూలే. విడిపోయి మళ్ళీ వచ్చి కలిసిపోతే నూనె.

ఆ లోతు మట్టినీ, మిగతా మూడు చోట్ల మట్టినీ ల్యాబ్ వాళ్ళు ముందే పంపిన చిన్న గాజు సీసాల్లోకి విడివిడిగా తీశాం. వాటిలో కొలత ప్రకారం మెథనాల్ పోసి ఉంటుంది, ఆవిరయ్యే పదార్థాలని అది పట్టి ఉంచుతుంది. మిగతా మట్టిని వెడల్పు మూతి గాజు సీసాలో, గాలికి చోటు లేకుండా కూరి నింపాం. ఇంధనం వెతికేటప్పుడు నాలుగు చోట్ల మట్టి కలిపి ఒక శాంపిల్ చెయ్యకూడదు. కలిపేటప్పుడే ఆవిరి పోతుంది, పైగా ఒక చోటి మురికి మూడు చోట్ల మంచి మట్టిలో పలచబడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకి వాడే థర్మాకోల్ పెట్టె ఒకటి కొని, ఐస్ వేసి, ఆ సాయంత్రమే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు పంపాం. కొత్త పెట్టె లెండి, చేపల వాసన లేనిది.

ల్యాబ్‌ని ఏం అడగాలో రాతపూర్వకంగా అడిగాను. టీపీహెచ్, అంటే మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, గ్యాస్ క్రోమటోగ్రఫీ మీద, పెట్రోలు భాగం, డీజిలు భాగం విడివిడిగా. బీటెక్స్, అంటే బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్లు. డీజిలు కాబట్టి నాఫ్తలీన్ కూడా. పాత పెట్రోలు బంకు అయివుంటే సీసం కూడా అడిగేవాణ్ణి, ఎందుకంటే మన దేశమంతటా సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది 2000 ఫిబ్రవరి 1 నుంచే. అంతకుముందు కారినదాంట్లో సీసం ఉంటుంది, అది ఆవిరై పోదు. మొత్తం ఖర్చు ఆ స్థలంలో ఒక గజం ధర కన్నా తక్కువే అయింది. ఆ మాట బావకి రెండుసార్లు చెప్పాను.

ఫలితం వచ్చింది. మూడు చోట్ల యంత్రం పట్టలేనంత తక్కువ. రెండో చివర మూడు మీటర్ల దగ్గర డీజిలు భాగంలో కిలోకి మిల్లీగ్రాముల లెక్కన నాలుగంకెల సంఖ్య. బెంజీన్ లేదు.

ఇప్పుడు ఇందులోంచి ఏం అర్థం చేసుకోవాలి? ఇక్కడే రెండు వైపులా అతి చేస్తారు. బావ మొదట అక్కడ కాలు పెట్టనన్నాడు. అమ్మే ఆయన "ఎప్పుడో పదేళ్ళ కిందటిది, ఆవిరైపోయి ఉంటుంది" అన్నాడు. ఇద్దరి మాటా తప్పే. డీజిల్లో బరువైన భాగం అంత తేలిగ్గా ఆవిరి కాదు, గాలి అందని బంకమట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అలాగని మూడు మీటర్ల కింద కొద్ది జాగాలో ఉన్న డీజిలు పైన ఇంట్లో వాళ్ళని చంపేయదు. దాని ఆవిరి పైకి వస్తూ దారిలో గాలి ఆడే మంచి మట్టి రెండు మీటర్లు తగిలితే సూక్ష్మజీవులే చాలా వరకు తినేస్తాయి. నెదర్లాండ్స్ వాళ్ళు ఇక జోక్యం చేసుకోవాల్సిందే అని పెట్టుకున్న హద్దు కిలో మట్టికి 5,000 మిల్లీగ్రాముల ఖనిజ తైలం. మనది దాని కన్నా కిందే. కానీ ఆ మూల బోరు వేసి నీళ్ళు తాగుతామంటే లెక్క మారిపోతుంది. సెల్లార్ తవ్వుతామంటే కూడా మారుతుంది, ఆ మంచి మట్టిని మనమే తీసేస్తున్నాం కాబట్టి.

అదే పెట్రోలైతే నేను ఇంత నెమ్మదిగా మాట్లాడను. బెంజీన్ క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. తాగే నీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. ఇప్పటి బీఎస్-6 పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం దాటకూడదు. ఆ ఒక్క శాతమే ఉన్న ఒక లీటరు పెట్రోలు తీసుకున్నా, అందులోని బెంజీన్ మొత్తం నీటిలో కలిస్తే దాదాపు 8 లక్షల 80 వేల లీటర్ల నీళ్ళని ఆ హద్దు దాకా తేగలదు. నాలుక మీద బెంజీన్ రుచి తెలిసేసరికి హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది. "మా బోరు నీళ్ళు ఏ వాసనా రావు" అనేది జవాబు కాదు.

బావ ఒక మధ్యే మార్గం చెప్పాడు. ఆ బూడిద రంగు మట్టి ఉన్నంత మేర తవ్వి తీయించి, పరవాడలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపి, గొయ్యి అడుగునా గోడలకీ మళ్ళీ టెస్ట్ చేయించండి, ఖర్చు చెరి సగం అన్నాడు. చాలా న్యాయమైన మాట అని నేను ఇప్పటికీ అనుకుంటాను. అమ్మే ఆయన మర్నాడే అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. రెండు నెలల్లో వేరేవాళ్ళకి అమ్మేశాడు, అర మీటరు రిపోర్టుతోనే. కొన్నవాళ్ళ నంబరు సంపాదించి మా రిపోర్టు వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దాని 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉండి, అది అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. మట్టిలో మూడు మీటర్ల కింద ఉన్నదాని కన్నా కనిపెట్టలేని లోపం ఇంకేముంటుంది? కానీ అందులో "అమ్మేవాడికి తెలిస్తే" అన్న ముక్క ఉంది చూశారా, సరైన టెస్ట్ ఎవరూ ఎందుకు చేయించరో ఆ ముక్క చెబుతుంది. తెలుసుకుంటే చెప్పాలి. తెలుసుకోకపోతే చెప్పక్కర్లేదు. అర మీటరు దగ్గర ఆగిపోవడం అజ్ఞానం అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోవడం లేదు.

మిగతా కాగితాలూ ఇంతే. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, అప్పులూ లావాదేవీలూ కనిపిస్తాయి, ట్యాంకు కనిపించదు. లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత దస్తావేజుల్లో, హద్దులుంటాయి. 1934 నాటి పెట్రోలియం చట్టం కింద ఇచ్చే లైసెన్సు ముఖ్యంగా చూసేది నిప్పు, పేలుడు. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులు ఇళ్ళకీ బడులకీ ఎంత దూరంలో ఉండాలో చెప్పింది, అది కొత్త బంకుల సంగతి. 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకి కేంద్రం విడిగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా స్థానిక సంస్థలూ జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, రాష్ట్ర మండలి పరీక్షించాలి, ఖర్చు కాలుష్యం చేసినవాడిది. మంచిదే. కానీ వీధి లోపలి 180 గజాల లారీ యార్డుని ఎవరు అనుమానిస్తారు? బోరు వేసేవాడికి తప్ప ఇంకెవరికీ ఆ మట్టి కనపడదు.

ఈ ఊరికి రసాయనాల భయం లేదని కాదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో మంటలు లేచి 60 మంది దాకా చనిపోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం వైపు స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మేసింది, అంతకుముందు రోజు దాకా మాలో ఎవరికీ ఆ పేరే తెలీదు. మంట లేస్తే పరుగెత్తుతాం, జనం పడిపోతే పరుగెత్తుతాం. సెకనుకి ఒక చుక్క లెక్కన జరిగేదానికి ఏం చెయ్యాలో మనకి ఎవరూ నేర్పలేదు.

అందుకే నేను అడిగేది చిన్నది. ఒకప్పుడు బంకో, యార్డో, జనరేటర్ ట్యాంకో ఉన్న చోట బరువు కోసం మేం బోరు వేసేటప్పుడే, ట్యాంకు అడుగున ఒక్క పొడి బోరు అదనంగా వేయించండి. మనిషీ సామానూ ఎలాగూ అక్కడే ఉంటారు. రిపోర్టు చేతికొస్తే ముందు లోతు చూడండి, ఆ తర్వాత బోరు ఎక్కడ వేశారో ప్లాన్ అడగండి, ఆ తర్వాత ఏం వెతికారో చూడండి. ఫలితం చివర చూడొచ్చు. నా తోటి బోరువాళ్ళకి ఒక మాట: లాగ్‌లో వాసనకి ఒక గడి పెట్టండి. నేను పోయిన ఏడాది నుంచి పెడుతున్నాను. "క్లయింట్లు పారిపోతారు" అని ఓనరు గొణిగాడు. ఇప్పటి దాకా ఎవరూ పారిపోలేదు, ఆ గడి ఎవరూ చదవడం లేదు కాబట్టి.

2009 నాటి అపార్ట్‌మెంటుకి కిందటి నెల వెళ్ళాను. పదహారేళ్ళ తర్వాత. కింద వాచ్‌మన్ భార్య బోరు నీళ్ళతో గిన్నెలు తోముతోంది. తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటారట, వంటకి మాత్రం బోరు నీళ్ళే. అసోసియేషన్ సెక్రటరీ గారు కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను ఎవరో, ఎందుకు వచ్చానో, ఆ రోజు లాగ్‌లో ఏం రాయలేదో అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "పైన రెండు ఫ్లాట్లు అమ్మకానికున్నాయండీ" అన్నారు చివరికి. తర్వాత లేచి ఆయనే మోటారు వేశారు. పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా పది నిమిషాలు వదిలి, రెండు చిన్న సీసాలు గాలి బుడగ లేకుండా నింపుకున్నాను.

అపార్ట్‌మెంటు పేరు ఎక్కడా రాయొద్దని అడిగారు. రాయలేదు. ల్యాబ్ నుంచి ఇంకా రిపోర్టు రావాలి.